కాలిన మోటారును వైండింగ్‌కు ఇవ్వకండి

వానలు పట్టుకున్న దగ్గర్నుంచి నా దగ్గరికి ఒకే తరహా తగాదాలు వస్తున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి-3లో, చరోదాలో ఈమధ్య కట్టిన కొన్ని ఇళ్లకు, చిన్న అపార్ట్‌మెంట్లకు సెల్లార్లు పెట్టారు. సెల్లార్ మూల ఒక గుంత, గుంతలో మోటారు. ఊట నీరో వాన నీరో గుంతలోకి చేరితే ఫ్లోట్ స్విచ్ పైకి లేచి, మోటారు దానంతటదే ఆన్ అయి, బయటి కాలువలోకి తోడెయ్యాలి. జడివాన పడ్డ రాత్రే అది మొరాయిస్తుంది. తెల్లారేసరికి మోకాలి లోతు నీళ్లు. నష్టం ఎవరు కట్టాలంటే బిల్డర్ "మెయింటెనెన్స్ మీదే" అంటాడు. బీమా వాళ్లు "మీ నిర్లక్ష్యం" అంటారు.

ఇద్దరికీ జవాబు చెప్పగలిగేది ఆ పాడైన మోటారు ఒక్కటే. మనవాళ్లు చేస్తున్నదేమిటి? పొద్దున్నే దాన్ని ఊడదీసి వైండింగ్ షాపుకి పంపేస్తున్నారు.

ఇప్పుడు నేను నడుపుతున్న కేసే తీసుకోండి. చరోదా రైల్వే యార్డులో పనిచేసి రిటైరైన శ్రీకాకుళం జిల్లా పెద్దాయన. చేతికొచ్చిన డబ్బంతా పెట్టి సెల్లార్ ఉన్న ఇల్లు కొన్నారు. ఇంట్లోకి దిగి మూడేళ్లు నిండలేదు. ఒక రాత్రి సెల్లార్ మునిగి ఫ్రిజ్, మంచాలు, పెళ్లికని దాచిన సామాను పాడయ్యాయి. ఫ్లోట్ స్విచ్ తీగను అతుకు వేసి, టేపు చుట్టి నీటిలోకి వదిలేసి ఉండటం ఎలక్ట్రీషియన్ కళ్లారా చూశాడు. తప్పు బిల్డర్‌దేనని తేల్చడానికి అంతకంటే ఏం కావాలి? కానీ ఆ మోటారు ఏదని అడిగితే, "కాలిపోయిన దాన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాం లాయర్ గారూ, అప్పుడే వైండింగ్‌కి ఇచ్చేశాం" అన్నారు. షాపువాడు పాత రాగి తీగ విప్పి అమ్మేసుకున్నాడు. అతుకు తీగ చెత్తలోకి పోయింది. ఒక్క ఫొటో లేదు. నీళ్లు లేకుండా మోటారు నడిపి వాళ్లే కాల్చుకున్నారని బిల్డర్ వకీలు వాదిస్తుంటే, కాదని చూపించడానికి నా చేతిలో వస్తువు లేదు.

చట్టం ఆయన వైపే ఉంది. రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్లలోపు పనితనంలో, నాణ్యతలో, సదుపాయాల్లో లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డర్ పైసా తీసుకోకుండా సరిచెయ్యాలి. లేకపోతే పరిహారం ఇవ్వాలి. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోనో, 8 ఫ్లాట్లు మించకుండానో కట్టిన వాటికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అలాంటి ఇంటివాళ్లకు దుర్గ్‌లోని జిల్లా వినియోగదారుల కమిషనే దారి. అక్కడ గడువు 2 ఏళ్లే. "ఈ వారం మనిషిని పంపిస్తా" అన్న బిల్డర్ మాట నమ్ముకుని కూర్చుంటే ఆ గడువు ఆగదు.

వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద, లోపముందన్న వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కు ఉంది. పంపడానికి వస్తువే లేకుండా చేసుకుంటే ఆ అధికారం మనకెలా పనికొస్తుంది? అందుకే మళ్లీ చెబుతున్నాను, మోటారు, స్విచ్, తీగ, ఉన్నవి ఉన్నట్టు గోనెసంచిలో కట్టి పక్కన పెట్టండి. నీళ్లు తోడడానికి ఇంకో మోటారు అద్దెకు తెచ్చుకోండి. విప్పే ముందు వీడియో తీయండి, తీసిన ఫోను మార్చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఆ వీడియోకు సర్టిఫికెట్ జతచేయాల్సి వస్తుంది.

బీమా సంగతీ ఇంతే. భారత్ గృహ రక్ష పాలసీలో వరద, ముంపు నష్టాలకు రక్షణ ఉంది. షార్ట్ సర్క్యూట్‌తో కాలిన యంత్రానికి డబ్బు రాదు గానీ, ఆ మినహాయింపు ఆ యంత్రం వరకే. "మోటారు కాలింది కాబట్టి క్లెయిమ్ మొత్తం కుదరదు" అని కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పి పంపేసే ఉద్యోగుల్ని చూస్తుంటే ఒళ్లు మండుతుంది. తిరస్కరిస్తే రాసి ఇమ్మనండి. ఆ కాగితం ఉంటే ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. సర్వేయర్ చూసి వెళ్లేదాకా మాత్రం మోటారు షాపు గడప తొక్కకూడదు.

బయటి కాలువ పూడి నీళ్లు వెనక్కి తన్నితే ఫిర్యాదు రాసి మున్సిపల్ ఆఫీసులో ఇవ్వండి. రెండో కాపీ మీద ముద్ర, ఆవక్ (ఇన్‌వర్డ్) నంబరు వేయించుకోకుండా కదలొద్దు. "పెట్టి వెళ్లండి, చూస్తాం" అనే గుమాస్తాకు దణ్ణం పెట్టి వచ్చేవాళ్లే ఎక్కువ. కోర్టులో ఆ దణ్ణానికి రసీదు ఉండదు.

నిర్లక్ష్యం అన్న మాట మీ మీదికి రాకుండా చూసుకోవడం మాత్రం మీ పనే. జూన్‌లో వానలు దిగకముందే గుంతలో బురద తీయించి, బకెట్లతో నీళ్లు పోసి ఫ్లోట్ లేస్తోందో లేదో చూడండి. పైకి పోయిన నీరు తిరిగి గుంతలోకి రాకుండా నాన్-రిటర్న్ వాల్వ్ బిగించి ఉందో లేదో గమనించండి. కరెంటు పోతే మోటారు దేనిమీద నడుస్తుందో ముందే ఆలోచించండి. ఇవన్నీ చూసిన తేదీ ఒక నోటుపుస్తకంలో రాసి మెకానిక్ సంతకం, బిల్లు ఉంచుకోండి. బిల్డర్ వాదనకు ఆ పేజీ గట్టి జవాబు.

మెయిన్ ఆపకుండా మునిగిన సెల్లార్‌లోకి దిగొద్దు. మూతపడి ఉన్న గుంతలోకి కూలివాణ్ణి దించొద్దు. 2024 జులైలో జాంజ్‌గీర్-చాంపా జిల్లా కికిర్దాలో బావిలోకి ఒకరి తర్వాత ఒకరు దిగి, విషవాయువుకు ఐదుగురు చనిపోయారు. మీ నిర్లక్ష్యంతో ప్రాణం పోతే అది పరిహారంతో ఆగదు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు.

మీ సెల్లార్ ఇప్పటికే మునిగి, మోటారు వైండింగ్ షాపులో ఉంటే, ఇది చదవగానే ఫోన్ చేసి పని ఆపించండి. విప్పిన ముక్కలతో సహా ఈరోజే ఇంటికి తెచ్చుకోండి.