తుపాకీ ఇవ్వను, దోమతెర ఇస్తాను

మార్కాపురం

చిరంజీవి శ్రీకాంత్‌కు,

నీ మెసేజ్ చదివాను. నలుగురు స్నేహితులు హైదరాబాదు నుంచి వచ్చి, దోర్నాల దాటాక అడవిలో టెంటు వేసుకుని పడుకుంటామన్నావు. బీరువాలో ఉన్న నా ఒంటిగొట్టం తుపాకీ రెండు రోజులకు ఇమ్మన్నావు. ఇవ్వను. మేనల్లుడివి కాబట్టి ఎందుకో కూడా చెప్తాను.

ఆ లైసెన్సు నా పేరు మీద, పంట కాపలాకని తీసుకున్నది. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించి, అయ్యాక మళ్లీ తెచ్చుకుంటాను. దాన్ని నీ చేతిలో పెడితే ఆయుధాల చట్టం కింద నీతోపాటు నేనూ ముద్దాయినే. అయినా అది చిన్న సంగతి.

నువ్వు పడుకోవాలనుకున్నది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంరా. దేశంలోకెల్లా పెద్దది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టకూడదు. ఆ చట్టం లెక్కలో విల్లంబులు, కత్తి, ఉచ్చు కూడా ఆయుధాలే. ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు కదా అని మళ్లీ ఫోన్ చేయకు. అసలు మెలిక 11వ సెక్షన్లో ఉంది. ప్రాణం కాపాడుకోవడానికి జంతువును చంపితే నేరం కాదంటుంది; అప్పటికే నువ్వు ఆ చట్టాన్ని మీరి ఉంటే మాత్రం ఆ మినహాయింపు నీకు లేదంటుంది. ప్రాణరక్షణకని దొంగచాటుగా పట్టుకెళ్లిన తుపాకీయే, ప్రాణరక్షణకు కాల్చానని చెప్పుకునే దారి మూసేస్తుందన్నమాట.

చట్టం సరే, ఎలుగుబంటి మీదికొస్తే అంటావు. ఇక్కడివాళ్లు పెద్దపులి కన్నా ఎలుగుకే ఎక్కువ భయపడతారు. పులి మనిషి అలికిడి వింటే చాలావరకు తనే తప్పుకుంటుంది. ఎలుగుకు చూపు మందం. పుట్ట తవ్వుకుంటూనో, ఇప్పపూలు ఏరుకుంటూనో ఉంటే తలెత్తదు. మలుపులో హఠాత్తుగా ఎదురుపడ్డావో, బెదిరి మీద పడుతుంది. పది బారల దూరంలో లేచిన ఎలుగుకు నువ్వు తుపాకీ భుజానికెత్తి గురిచూసేంత వ్యవధి ఎక్కడిది? దెబ్బతిన్నదైతే మరీ ప్రమాదం. మాట్లాడుకుంటూ, కర్రతో చప్పుడు చేస్తూ నడవమనేది అందుకే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకున్నప్పుడు టీటీడీ ఏం చేసింది? భక్తుల చేతికి కర్రలిచ్చింది, గుంపులుగా నడవమంది, మధ్యాహ్నం 2 దాటాక పిల్లలను నడకదారిలోకి వదల్లేదు. కర్రల మీద లోకమంతా జోకులేసింది. నాకైతే కర్ర మాటెలా ఉన్నా, గుంపూ వేళా అన్న రెండు మాటలూ సరైనవనిపించాయి.

రాత్రి టెంటు బయట ఆకులు గలగలమన్నాయనుకో. చిరుతో, ఒంటికి వెళ్లొస్తున్న నీ స్నేహితుడో నిద్రమత్తులో నీకెలా తెలుస్తుంది? కాల్చాక తెలుస్తుంది.

ఇంకో సంగతి, మీ తరానికి తెలియనిది. 2004 అక్టోబరులో నక్సలైట్ల నాయకుడు రామకృష్ణ, ఆయన సహచరులు ప్రభుత్వంతో చర్చలకని అడవి దాటి బయటికొచ్చింది మన చిన్నారుట్ల దగ్గరే. ఆ రోజుల్లో తుపాకీతో కనబడినవాణ్ణి ఇటు పోలీసులూ అటు అన్నలూ నువ్వెవరని నిలదీసేవాళ్లు. ఇప్పుడు ఆ కాలం పోయింది. బేస్ క్యాంపుల్లో చెంచు కాపలాదారులున్నారు, చెట్లకు కెమెరాలున్నాయి. తుపాకీ పట్టినవాడు వాళ్ల కంటికి వేటగాడే.

నన్నడిగితే నువ్వు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. అడవి అంచు చేలల్లో పందుల కోసం దొంగతనంగా లాగే కరెంటు తీగలు. చీకట్లో గట్ల వెంబడి అడ్డదారిన పోవద్దు. అంతకన్నా కట్లపాము. రాత్రిళ్లు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. కరిస్తే నొప్పి కూడా సరిగా తెలియదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. అంచులు పరుపు కిందికి గట్టిగా దోపిన దోమతెర దాన్ని ఆపుతుంది. కరిచిందని అనుమానం వచ్చినా కోయొద్దు, తాడు బిగించొద్దు, మనిషిని నడిపించొద్దు. మార్కాపురమో గిద్దలూరో, ఏది దగ్గరైతే ఆ ప్రభుత్వాసుపత్రికి చేర్చండి. విషానికి విరుగుడు మందు ఉందో లేదో బయల్దేరేముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఎక్కడంటే అక్కడ టెంటు వేయనివ్వరు. అడవిలో పడుకోవాలన్న ముచ్చట ఉంటే ఆత్మకూరు దారిలో బైర్లూటి, గిద్దలూరు-నంద్యాల దారిలో పచ్చర్ల, రెండుచోట్లా అటవీశాఖ క్యాంపులున్నాయి. పచ్చర్ల దగ్గరే 2024 జూన్‌లో చిరుత ఒకామెను చంపింది కదా అంటావు. చంపింది. అందుకే చీకటి పడ్డాక క్యాంపు దాటొద్దని వాళ్లు చెప్తే విసుక్కోకుండా వినండి. పగలు అడవి చూడాలంటే దోర్నాల-శ్రీశైలం దారిలో తుమ్మలబైలు సఫారీ ఉంది. ఆ ఘాట్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు, లెక్క చూసుకుని బయల్దేరండి.

తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. దోమతెరలు రెండు మా ఇంట్లో ఉన్నాయి, మిగతావి మీరు తెచ్చుకోండి. చెప్పులతో దిగొద్దు, బూట్లు వేసుకురండి.

మీ మామయ్య