శనివారపు సాయంకాలము

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 6:1-7

దేవుని పని జరుగు చోట పనివారి మధ్య కలహముండదని తలంచుట పొరపాటు.

1800 సంవత్సరమున విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డు మొదలైనవారు బెంగాలులోని శ్రీరామపురమున ఒకే కుటుంబముగా జీవించుచు, ఒకే బల్లయొద్ద భుజించుచు సేవ నారంభించిరి. ఇంటి విచారణ నెలకొకరి వంతు. ప్రతి శనివారము సాయంకాలము కూడుకొని, తమలో పుట్టిన మనస్పర్థలను తీర్చుకొనవలెనని నియమము చేసికొనిరి. తాము మిషనరీలము గనుక అట్టి కూటము అనవసరమని వారెంచలేదు.

అయితే తరువాత ఇంగ్లండు నుండి వచ్చిన యౌవనస్థులు, పెద్దలతో తమకు సమాన స్థానము లేదని నొచ్చుకొని కలకత్తాలో వేరుగా పని సాగించిరి. వారిలో కేరీ సహోదరుని కుమారుడును ఉండెను. ఆస్తిని గూర్చియు అధికారమును గూర్చియు వివాదము ముదిరి, 1827లో శ్రీరామపురము వారికిని బాప్టిస్టు మిషనరీ సొసైటీకిని సంబంధము తెగిపోయెను. తిరిగి కలిసినది 1837లో. అప్పటికి కేరీ మరణించి మూడేండ్లాయెను.

యెరూషలేములో విధవరాండ్ర నిమిత్తము సణుగు పుట్టగా అపొస్తలులు సణిగినవారిని గద్దింపలేదు. లోపము నొప్పుకొని, శిష్యులచేత ఏడుగురిని ఏర్పరపించి, ఆ పనిని వారికప్పగించిరి. అటుపిమ్మట వాక్యము వ్యాపించెను.

నేడును ఆసుపత్రులలో, అనాథాశ్రమములలో, సేవాసంస్థలలో “ఇది సేవ కదా” అను ఒక్క మాట క్రింద చాలని జీతమును, పై అధికారి కాఠిన్యమును, నర్సు కన్నీరును కప్పబడుచున్నవి. మొరపెట్టువాడు సేవకు శత్రువు కాడు. అతని మొర వినుట సేవలో భాగమే.

ధ్యానించుడి: మన సంస్థలో, అందరికంటె చిన్న ఉద్యోగి సహితము భయపడక మాటలాడగల శనివారపు సాయంకాలము ఉన్నదా?