పాల లెక్కల ప్రోగ్రాము మార్చేటప్పుడు జాగ్రత్తలు

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వంటి ప్రోగ్రాములతో పాల బిల్లులు తీసే సంఘాలు ఉన్నవి. అటువంటి ఒక సంఘం తనిఖీలో నేను చూసిన సంగతి ఇది. పాల ధర పెరిగి, కొత్త ప్రోగ్రాము వచ్చింది. పాత కాపీని మాత్రం ఎవరూ తీసివేయలేదు. కార్యదర్శి లేని రోజున సహాయకుడు ఆ పాతదే తెరిచి బిల్లులు తీశాడు. ధర ప్రోగ్రాములోనే రాసి ఉన్నందున లీటరుకు 2 రూపాయలు తక్కువ పడింది. పూటకు 4 లీటర్లు పోసే సభ్యురాలికి 10 రోజుల బిల్లులో 160 రూపాయలు నష్టం. ఆమె నిలదీసి అడగబట్టి తప్పు బయటపడింది.

ఇట్టి పొరపాటు జరగకుండా ఈ క్రింది పద్ధతి పాటించవలెను.

1. సభ్యుల ఖాతాలు, పాల వివరాలు, తేదీవారీ ధరలు ఒక ఫైలులో ఉండాలి. నమోదు తెరలు, బిల్లు నమూనాలు వేరొక ఫైలులో ఉండాలి. మార్పు వచ్చినపుడు రెండవదానినే మార్చి, మీ లెక్కల ఫైలుకు జతపరచాలి.

2. మార్చే ముందు అన్ని కంప్యూటర్లలోను ప్రోగ్రాము మూసి, లెక్కల ఫైలుకు నకలు తీసి, పెన్‌డ్రైవులో భద్రపరచాలి.

3. రెండు ఫైళ్లలోను మార్పు సంఖ్య ఉండాలి. సంఖ్యలు కలవకపోతే ప్రోగ్రాము తెరుచుకోకూడదు. ఈ ఏర్పాటును తయారుచేసిన వారిచేతనే చేయించుకోవాలి.

4. కొత్త ప్రోగ్రాముతో తీసిన మొదటి బిల్లులలో పదింటిని చేతితో లెక్కగట్టి సరిచూడాలి.

సభ్యులు కూడా బిల్లును తమ పాసుపుస్తకంతో పోల్చుకోవాలి. తేడా కనిపిస్తే అడగడానికి సంకోచించవద్దు. కంప్యూటరు చెప్పినా లెక్క లెక్కే, సొమ్ము మీదే.