‘మామయ్య పోయిండు’: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా పుట్టిల్లు అమలాపురం దగ్గర. నిరుడు మాఘంలో బూర్గంపాడు కోడలినయ్యాను. పుట్టింట్లో ఉండగా అత్తయ్యగారు ఫోన్ చేసి, ‘మీ మామయ్య పొద్దుగాల్నే పోయిండమ్మా’ అన్నారు. నేను ఘొల్లుమన్నాను. అమ్మ చుట్టాలందరికీ కబురు పెట్టేసింది, నాన్నగారు కారు మాట్లాడేశారు. తీరా చూస్తే మామయ్యగారు మిర్చి అమ్ముకోడానికి ఖమ్మం మార్కెట్‌కు వెళ్లారట! ఆడపడుచులు ఇప్పటికీ నవ్వుతున్నారు. ఈ మాటలతో నెగ్గుకొచ్చేదెలా?
- ఒక కోడలు, బూర్గంపాడు

జవాబు: ఏడ్చినందుకు సిగ్గుపడకమ్మా. పెద్దవాళ్లెవరైనా పోయారంటే మీ కోనసీమలో ఇల్లంతా ఏడుస్తుంది. తెలంగాణలో అది రోజంతా నోట్లో నానే మాట. బడికి పోతరు, సంతకు పోతరు, చుట్టాలింటికి పోతరు. చావు కబురైతే ‘సచ్చిపోయిండు’ అనో ‘కాలం చేసిండు’ అనో విడిగా చెప్తారు. ఇకనుంచి ఆ మాట వినపడితే ముందు ‘ఎటు పోయిండు అత్తమ్మా?’ అని అడుగు. కన్నీళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

గోదావరి వంతెన దాటి భద్రాచలం వెళ్లినప్పుడు నీ చెవికి కాస్త ఊరటగా ఉంటుంది. ‘అండీ’లు అక్కడ ఎక్కువ. మీ అత్తగారి ఒడ్డు నిజాం ఏలుబడిలో ఉంటే, ఎదుటి ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది 1959లో. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. గెజెట్ మారినంత తొందరగా మాట మారదు. మీ ఆడపడుచులకు ఒక్క సంగతి చెప్పు: వాళ్లూ ఒకసారి అమలాపురం వచ్చి, ఎవరింట్లోనైనా ‘మీ తాత పోయిండా?’ అని అడిగి చూడాలి.

ప్రశ్న: హైదరాబాద్ హాస్టల్లో నన్ను ‘ఆంధ్రోడా’ అని పిలుస్తారు. విజయవాడలో మేనత్త పిల్లలేమో ‘వచ్చాడ్రా తెలంగాణోడు’ అంటారు. నేనెవర్ని సార్?
- ఒక విద్యార్థి, మధిర

జవాబు: మధిరవాడివి బాబూ, అంతకంటే ఏం కావాలి? భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలికాలను పరిశీలించి తెలుగు నేలను నాలుగు మండలాలుగా చూపించారు. తెలంగాణది ఉత్తర మండలం, కృష్ణా గోదావరి జిల్లాలది మధ్య మండలం. ఆ రెండూ ఒరుసుకునే చోట మీ ఊరుంది. ఖమ్మం బస్టాండులో కాసేపు నిలబడి విను. ‘ఏందే, ఎప్పుడొచ్చినవ్?’ అని స్నేహితుణ్ని పలకరించిన మనిషే, పెద్దాయన ఎదురుపడగానే ‘బాగున్నారాండీ?’ అంటాడు. ఇద్దరితోనూ సొంత భాషే మాట్లాడాడు. హాస్టల్ కోసం ఒకటి, మేనత్త ఇంటి కోసం ఇంకొకటి తెచ్చిపెట్టుకోకు.

ప్రశ్న: దుమ్ముగూడెం వైపు బడిలో టీచర్‌ని. కోయ పిల్లలు ‘అక్కలు వచ్చాయి’ అంటే మిగతా పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. ఎంత దిద్దినా మారడం లేదు.
- ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, ఈ నవ్వు మాత్రం వెంటనే ఆపించండి. కోయ గోండికి దగ్గరి భాష. అందులో మగవాళ్లకు ఒక తీరు, ఆడవాళ్లకూ పశువులకూ వస్తువులకూ కలిపి ఇంకో తీరు. బహువచనంలోనూ అంతే. తమ భాషలో ఉన్న పద్ధతినే ఆ పిల్లలు తెలుగులోకి తెచ్చుకున్నారు. మనం మాత్రం? ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అంటాం. ఒక్కరైతే మనకూ తేడా లేదు, పదిమందైతేనే ‘వచ్చారు’ అని మారుస్తాం. రేపు ఈ రెండు వాక్యాలూ నల్లబల్ల మీద రాసి తరగతికంతా చూపించండి.

ఆ తర్వాత కోయ పిల్లల్ని పిలిచి, ఇప్పపువ్వునూ తునికాకునూ వాళ్లింట్లో ఏమంటారో అడగండి. మీరు వాళ్ల వెనకాల పలకండి. మీ నోరు తిరక్కపోతే వాళ్లూ నవ్వుతారు, నవ్వనివ్వండి. తెలుగు దిద్దడం మానొద్దు, అది వాళ్లకు పరీక్షల్లోనూ ఆఫీసుల్లోనూ కావాలి. కానీ కోయ మాట్లాడినందుకు ఏ పిల్లా మీ తరగతిలో తల దించుకోకూడదు. ఆ పూచీ మీదే.