సైకిలు వ్యాయామమునకు పూర్వకర్మ

వమన విరేచనములు చేయించుటకు ముందు స్నేహస్వేదములతో శరీరమును సిద్ధపరచుట మా వైద్యములో నియమము. దానిని పూర్వకర్మ యందురు. కఠిన వ్యాయామమునకును ఇదే న్యాయము.

గత మార్గశిరములో 46 ఏండ్ల ఉద్యోగి ఒకరు మోకాలి నొప్పితో వచ్చిరి. హైదరాబాదు నుండి సైకిలును కారులో పెట్టుకొని వికారాబాదు చేరి, దిగినవెంటనే అనంతగిరి ఎత్తును బలముగా త్రొక్కినారట. సగములో రొమ్ము బరువెక్కినదని మాటవరుసకు చెప్పి, “అయ్యా, మోకాలికి మంచి తైలమేదైనా ఇప్పించండి” అనిరి. నాకు మోకాలి కంటె రొమ్ము మాటయే ముఖ్యముగా తోచినది. ముందు హృద్రోగ వైద్యునికి చూపించుకొని రమ్మంటిని. దోషము లేదని తేలిన పిమ్మటనే తైలము ఇచ్చితిని.

చలి ఉదయము, కారులో కదలక కూర్చున్న కాళ్ళు. శీతమువలన వాతము ప్రకోపించి సంధులు బిగిసియుండును. కండరము వెచ్చబడినపుడే రక్తప్రసారము పెరిగి ప్రాణవాయువు చక్కగా అందునని ఆధునికులందురు. ఆకస్మికముగా తీవ్రశ్రమ చేసిన ఆరోగ్యవంతుల ఇ.సి.జి.లో సైతము మార్పులు కనబడినవనియు, ముందు మెల్లగా శ్రమించినచో అవి చాల వరకు తగ్గినవనియు 1973లో అమెరికాలో ఒక పరిశీలన వెలువడినది.

గోరువెచ్చని నువ్వుల నూనెతో తొడలు, మోకాళ్ళు, పిక్కలు 5 నిమిషములు మర్దించి తుడిచివేయవలెను. అరికాళ్ళకు జిడ్డు మిగిలినచో పెడలు జారును. జ్వరము, అజీర్ణము ఉన్ననాడు మర్దనమూ వలదు, వ్యాయామమూ వలదు. అయితే మర్దనము ఒక్కటే చాలదు. చర్మము వెచ్చబడినంతమాత్రమున లోని కండరము సిద్ధమైనదని భ్రమపడరాదు.

తరువాత సమతల మార్గమున తేలిక గేరులో, ప్రక్కవానితో మాటలాడగలిగినంత మెల్లగా 10 నిమిషములు త్రొక్కవలెను. పిదప 5 నిమిషములు కొంచెము బలము పెంచవలెను. అటుపిమ్మట అరనిమిషము చొప్పున మూడుమార్లు వేగముగా త్రొక్కి, నడుమ ఒకటి రెండు నిమిషములు తేలికపడవలెను. చివర 3 నిమిషములు నెమ్మదించి ఎత్తు మొదలుపెట్టవచ్చును. కాళ్ళను చాలసేపు సాగదీసి పట్టియుంచుట ముందు చేసిన బలము తగ్గును. అది తరువాతకే మేలు.

వ్యాయామము అర్ధశక్తితోనే చేయవలెనని వాగ్భటుని మతము. నోటితో శ్వాస తీయవలసివచ్చుట అర్ధశక్తికి గుర్తని సుశ్రుతము చెప్పును. కొండ నెక్కువారు అర్ధశక్తితో ఆగుదురా యని యువకులు నవ్వుదురు. ఆగకున్నను, పూర్వకర్మలోనే ఆ గుర్తు రానీయరాదు. నుదుట సన్నని చెమట పట్టిన చాలును. రోహిణి కార్తె ఎండలలో దీనిని సగమునకు తగ్గించవలెను.

ఎత్తులో రొమ్ము బరువెక్కినను, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకినను వెంటనే దిగి, వాము, శొంఠి అని కాలయాపన చేయక ఆసుపత్రికి పోవలెను.

ఆ ఉద్యోగి ఇప్పుడు కొండకు 5 కిలోమీటర్ల ఇవతలనే కారు నిలిపి, అక్కడినుండి మెల్లగా త్రొక్కుకొని పోవుచున్నారు. తైలపు సీసా సగము అట్లే మిగిలియున్నదట.