మనసు కరిగినా చెయ్యి కదలదేం?

“స్వార్థం లేని పని లోకంలో ఉండదు సార్” అని నా తరగతిలో ఏటా ఎవరో ఒకరు లేచి అంటారు. అనేవాడు సామాన్యంగా చురుకైన కుర్రాడే అయివుంటాడు. ముష్టివాడికి రూపాయి వేస్తే పుణ్యం కోసం, రక్తదానం చేస్తే సర్టిఫికెట్ కోసం, ఆ రెండూ కాకపోతే మనశ్శాంతి కోసం. మనం ఏ ఉదాహరణ చెప్పినా దాన్నీ ఆ సంచీలోనే వేసుకుంటాడు.

అబ్రహాం లింకన్ మీద చెప్పుకునే కథ కూడా ఇలాంటిదే. బండిలో పోతూ తోటి ప్రయాణికుడితో ఆయన ఇదే వాదం చేస్తున్నాడట. బురదలో కూరుకుపోతున్న పందిపిల్లలు కనిపించాయి. బండి ఆపించి, దిగి, వాటిని గట్టు మీద వేసి వచ్చాడు. ఇందులో స్వార్థం ఎక్కడుందని తోటివాడు అడిగితే, వాటిని వదిలేసి వస్తే రోజంతా నా మనసు కుదుటపడేది కాదు, అదే స్వార్థం అన్నాడట. కథ నిజమో కాదో గాని వాదం మాత్రం గట్టిది. మాటలతో దాన్ని గెలవలేం.

ప్రయోగంతో నిలదీయవచ్చునన్నవాడు డేనియల్ బాట్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఎదుటివాడి బాధ చూసినప్పుడు మనలో రెండు రకాల కదలిక కలగవచ్చు. ఒకటి మన కలత: చూడలేకపోతున్నాం, ఇది ఆగిపోతే బాగుండును అనిపించడం. రెండోది అతని మీద కలిగే ఆర్తి, దానినే సహానుభూతి అందాం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెంటిలోనూ కళ్ళు చెమరుస్తాయి. వీటిని విడదీయడానికి బాట్సన్ పన్నిన ఉపాయం చాలా తేలికైనది. తలుపు తెరిచి పెట్టడం! కలత పోగొట్టుకోవడమే మన కోరికైతే, సాయం చెయ్యక్కర్లేదు, లేచి వెళ్ళిపోయినా చాలు కదా?

1981లో వెలువడిన ఆ ప్రయోగంలో పాల్గొన్నవారు కాన్సాస్ విశ్వవిద్యాలయం విద్యార్థినులు. ఎలేన్ అనే అమ్మాయి విద్యుత్ షాకులు తింటూ విలవిల్లాడటం వాళ్ళు టీవీలో చూస్తారు. (నిజానికి అది ముందే తీసిపెట్టిన టేపు, షాకులూ నటనే.) ఆమె స్థానంలో మీరు కూర్చుంటారా అని అడుగుతారు. కొందరికి ఇక చూడనక్కర్లేదు, వెళ్ళిపోవచ్చునన్నారు. మరికొందరు పది విడతలూ చూడాల్సిందే. అంతేకాక, కొందరికి ఎలేన్ అభిరుచులు అచ్చం మీలాంటివేనని, కొందరికి పూర్తిగా వేరని ముందే చెప్పి ఉంచారు.

ఎలేన్ తమలాంటిది కాదనుకున్నవాళ్ళలో, వెళ్ళిపోయే వీలున్నప్పుడు 11 మందికి ఇద్దరే ముందుకొచ్చారు. చూడక తప్పనప్పుడు ఏడుగురు. లింకన్ కథ వీళ్ళకి సరిపోతుంది. కాని తమలాంటిదే అనుకున్నవాళ్ళలో తలుపు తెరిచి ఉన్నా 11 మందికి 10 మంది షాకులు మేం తింటామన్నారు! మన చురుకైన కుర్రాడు దీనికి జవాబు చెప్పుకోవాలి. జవాబు లేకపోలేదు. ఎదుటిమనిషిలో మనల్ని మనమే చూసుకుంటున్నాం గనుక అదీ ఒక తీరు స్వార్థమేనని చాల్డీని బృందం 1997లో వాదించింది. ఆ తగవు తెగలేదు. నన్ను ఇబ్బంది పెట్టేది మాత్రం ఇంకొకటి. ఆ సహానుభూతి పుట్టడానికి ‘నాలాంటిదే’ అన్న ఒక్కమాట కావలసి వచ్చింది. మన ఊరు, మన కులం, మన బ్యాచ్ అన్నప్పుడు మనసు ఎంత త్వరగా కరుగుతుందో హాస్టల్లో ఉన్నవారికి నేను చెప్పనక్కర్లేదు.

సరే, మనసు కరిగిందే అనుకుందాం. చెయ్యి కదులుతుందా?

ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే 40 మంది విద్యార్థుల మీద డార్లీ, బాట్సన్ చేసిన ప్రయోగం 1973లో వచ్చింది. పక్క భవనంలో ప్రసంగించడానికి ఒక్కొక్కరినే పంపారు. దారిలో ఒక మనిషి తల వాల్చేసి దగ్గుతూ పడి ఉంటాడు. కొందరి ప్రసంగాంశం, దారిలో పడివున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథే! ఏం అంశమన్నది పెద్ద తేడా చూపలేదు. తేడా చూపింది తొందర. తీరిగ్గా వెళ్తున్నవారిలో నూటికి 63 మంది ఆగితే, ఆలస్యమైపోయిందని తరిమినవారిలో పదిమందే ఆగారు.

తొందర ఒకటైతే, గుంపు ఇంకొకటి. 1968లో డార్లీ, లాటనే విద్యార్థులను వేర్వేరు గదుల్లో ఉంచి మైకుల ద్వారా మాట్లాడించారు. ఉన్నట్టుండి ఒక గొంతుకు ఫిట్స్ వచ్చినట్టు వినిపిస్తుంది. వింటున్నది నేనొక్కణ్ణే అనుకున్నవారిలో, ఆ గొంతు ఆగేలోగా 85 శాతం మంది సాయానికి లేచారు. ఇంకా నలుగురు వింటున్నారనుకున్నవారిలో 31 శాతమే. కదలకుండా కూర్చున్నవారికి జాలి లేదనుకోకండి. పరిశోధకులు గదిలోకి వెళ్ళేసరికి చాలామందికి చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమర్చాయి. “అతనికెలా ఉంది?” అని అడిగారు.

1964లో న్యూయార్కులో కిటీ జెనొవీస్ అనే యువతిని పొడిచి చంపుతుంటే 38 మంది చూస్తూ ఊరుకున్నారని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. ఆ సంఖ్యకు ఆధారం లేదని 2007లో పరిశోధకులు తేల్చారు. మనుషుల్ని తిట్టడానికి ఆ కథను వాడటం మానెయ్యాలి. వీధి కెమెరాలకు చిక్కిన 219 తగాదాలను మూడు దేశాల్లో పరిశీలించి 2020లో ప్రకటించిన అధ్యయనంలో, పదింట తొమ్మిది సందర్భాల్లో చుట్టుపక్కలవాళ్ళు ఎవరో ఒకరు కల్పించుకున్నారు.

ఇక మన రోడ్ల మీదికి వద్దాం. స్కూటరు గుద్దుకుని మనిషి పడిపోతే చుట్టూ యాభైమంది నిలబడతారు, అయ్యోపాపం అననివాడుండడు. ఎవరో అంబులెన్సుకి ఫోను చేసే ఉంటారని అందరూ అనుకుంటారు. అలాంటప్పుడు గుంపుని కేకలేసి లాభం లేదు. ఒక్క మనిషిని ఏరుకోవాలి. “నీలం చొక్కా అన్నా, 108కి నువ్వు చెయ్యి. తమ్ముడూ, నువ్వు వచ్చే బండ్లని ఆపు” అనాలి. వేలు ఎవరివైపు చూపామో వారికి తప్పించుకునే తలుపు మూసుకుపోతుంది.

మనవాళ్ళకి ఉన్న ఇంకో జంకు పోలీసు స్టేషను, కోర్టు. ఆసుపత్రికి చేర్చినవాణ్ణే బోనెక్కిస్తారన్న భయం. ఇది మటుకు మనస్తత్వ శాస్త్రం తీర్చేది కాదు, చట్టం తీర్చాలి. సాయపడేవారిని వేధించకుండా కాపాడే మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షను చేర్చారు. సదుద్దేశంతో సాయం చేసినవారి మీద ఆ కారణంగా సివిల్ కేసుగాని క్రిమినల్ కేసుగాని ఉండదు. గాయపడినవాణ్ణి ఆసుపత్రిలో దింపి, పేరైనా చెప్పకుండా వచ్చేయవచ్చు.