తాతయ్య లెక్కల్లో తప్పిన కథ

మొన్నటి వీడియోలో విష్ణు సహస్రనామం ఎక్కడిదో చెప్పుకున్నాం కదా. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో, అంపశయ్య మీద ఉన్న భీష్ముడిని ధర్మరాజు ఆరు ప్రశ్నలు అడుగుతాడు. వాటికి జవాబుగా వచ్చినవే ఆ వెయ్యి నామాలు. ఆ వీడియో ఎడిట్ చేస్తుంటే నాకు ఒక సంగతి తట్టింది. భీష్ముడు ధర్మరాజుకి వరసకి తాత. అంటే, పొద్దున్నే మన ఇళ్ళల్లో వినిపించే ఆ స్తోత్రం ఒక మనవడు అడిగితే ఒక తాత చెప్పింది!

ఈ పోస్టులో దాని గురించే మాట్లాడుకుందాం. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుంటే పిల్లలకి అసలు ఏం దొరుకుతుంది? ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా అక్కకొడుకు మూడో తరగతి. అక్కా బావా ఇద్దరూ ఉద్యోగాలు చేస్తారు. ఈ మధ్య అమ్మా నాన్నా ఊరి నుంచి వచ్చి హైదరాబాద్‌లో వాళ్ళ దగ్గర మూడు నెలలు ఉన్నారు. ఆ రోజుల్లోనే వాడు అబాకస్ పోటీలో ఓడిపోయి వచ్చాడు. అన్నం ముట్టడు, ఎవరితోనూ మాట్లాడడు. "పర్లేదు నాన్నా, వచ్చేసారి గెలుస్తావు" అని అక్క అంది. నేను పట్టుదల గురించి చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. వాడు దిండులో మొహం దాచుకున్నాడు.

నాన్న వెళ్ళి మంచం మీద వాడి పక్కన కూర్చున్నారు. "నేనైతే ఇంటర్‌లో లెక్కలు తప్పానురా" అన్నారు.

దిండు కదిలింది. "నిజంగానా తాతయ్యా? మీ నాన్న కొట్టారా?"

"కొట్టలేదు. నెల రోజులు మాట్లాడలేదు. అదింకా కష్టం."

"మరేం చేశావు?"

"ఊళ్ళో రైస్ మిల్లులో బస్తాల లెక్క రాశాను. రాత్రిళ్ళు లాంతరు పెట్టుకుని చదివేవాణ్ణి. మా నాయనమ్మకి ఒక్క అంకె కూడా రాదు. అయినా నేను చదివినంతసేపూ పక్కనే విసనకర్రతో విసురుతూ కూర్చునేది. మళ్ళీ రాశాను, పాసయ్యాను."

"ఎన్ని మార్కులొచ్చాయి?"

"నలభై రెండు."

వాడు పకపకా నవ్వాడు. ఆ తర్వాత లేచి పెరుగన్నం తిన్నాడు.

నేను గుమ్మం దగ్గర వాటర్ బాటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకిప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఈ కథ నేను అదే మొదటిసారి వినడం. ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో నాకు మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ ఉండేది. మా ఇంట్లో ఫెయిలైన మొదటివాణ్ణి నేనేననుకుని ఏడాది పాటు దాచాను. పరీక్ష ఫీజుకి రూమ్మేట్ దగ్గర అప్పు చేశాను. నిద్ర పట్టని రాత్రులు ఎన్నో. ఈ ఒక్క కథ అప్పుడు తెలిసుంటే ఇంటికి ఫోన్ చేసి చెప్పేవాణ్ణి.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అని అడిగాను. "చెప్తే నువ్వు చదవడం మానేస్తావేమోనని భయం. వీడి విషయంలో నాకు ఆ భయం లేదు" అన్నారు.

తేడా అక్కడే ఉంది. అమ్మానాన్నలకి పిల్లల రిజల్ట్ మీద టెన్షన్ ఉంటుంది. తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మలకి ఆ బరువు కాస్త తక్కువ. అందుకే నిజం తేలిగ్గా చెప్పగలరు.

అమెరికాలో, అట్లాంటాలోని ఎమొరీ యూనివర్సిటీలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే సైకాలజిస్టులు దీని మీద పనిచేశారు. తాతలు ఎక్కడ పెరిగారు, అమ్మానాన్నలు ఎలా కలిశారు లాంటి 20 ప్రశ్నలు పిల్లల్ని అడిగారు. కుటుంబం గురించి ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, 'నా జీవితం నా చేతుల్లో ఉంది' అనే భావన ఎక్కువగా కనిపించాయి. అలాగని 20 జవాబులూ బట్టీ పట్టిస్తే సరిపోదు. ఆ కథలు చెప్పుకోవడానికి ఇంట్లోవాళ్ళు కలిసి కూర్చునే టైమ్ ఉంది చూశారా, అసలు విలువ దానిది. ఇంకో మాట కూడా చెప్పారు. 'మనవాళ్ళు ఎప్పుడూ గొప్పే' అనే కథ కంటే, 'పడ్డాం, లేచాం' అనే కథ పిల్లలకి ఎక్కువ బలమిస్తుంది.

ఇది మనకి కొత్తేం కాదు. మహాభారతాన్ని వైశంపాయనుడు ఎవరికి చెప్పాడు? జనమేజయుడికి. అతను అర్జునుడి మునిమనవడు. అంటే అతను విన్నది సొంత ఇంటి చరిత్రే. అందులో జూదం దాచలేదు, ద్రౌపదికి జరిగిన అవమానం దాచలేదు, అన్నదమ్ముల యుద్ధమూ దాచలేదు. కథ చెప్పించినవాడు వ్యాసుడు. ఆయన పాండవులకి స్వయానా తాత!

ఒక హెచ్చరిక. పెద్దవాళ్ళని జీతం లేని ఆయాలుగా చూడటం వేరు, పిల్లల్ని వాళ్ళతో గడపనివ్వడం వేరు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి రోజంతా పిల్లాణ్ణి అప్పగిస్తే కథలు రావు, అలసట వస్తుంది. అలాగే పెద్దలు చెప్పే ప్రతి మాటా ఒప్పుకోనక్కర్లేదు. పిల్లల్ని పోల్చి చిన్నబుచ్చితే నెమ్మదిగా చెప్పాలి.

మీలో చాలామందికి ఇంకా పిల్లలు ఉండకపోవచ్చు. కానీ మీరూ మనవళ్ళూ మనవరాళ్ళే కదా! ఈ ఆదివారం ఈ మూడూ చేసి చూడండి.

1. తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి "తిన్నావా, మందులేసుకున్నావా"తో ఆపకండి. "నా వయసులో నువ్వు దేనికి భయపడ్డావు?" అని అడగండి.

2. ఇంట్లో పిల్లలుంటే ఫోన్ వాళ్ళకిచ్చి పక్కకి వెళ్ళండి. మనం ఎదురుగా ఉంటే కొన్ని కథలు బయటికి రావు.

3. పెద్దవాళ్ళు లేకపోతే, వాళ్ళ గురించి తెలిసిన అత్తయ్యనో పెదనాన్ననో అడగండి.

ఆ రాత్రే నా బ్యాక్‌లాగ్ సంగతి నాన్నకి చెప్పాను. ఏళ్ళు గడిచాక. ఆయన కోప్పడలేదు.

"రెండోసారి ఎన్నొచ్చాయి?" అన్నారు.

"నలభై ఒకటి."

"నాకంటే ఒకటి తక్కువే" అని నవ్వారు.